తమ్ముడి కారు, అమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్

కార్ల గురించి నేనొక పోస్టు రాస్తానని నేనే అనుకోలేదు. బి.ఏ. తెలుగు చదివినదాన్ని. పద్యం ఇస్తే గణాలు విడగొడతాను గానీ, కారులో బలం ముందు చక్రాలకి వెళ్తుందా వెనక చక్రాలకి వెళ్తుందా అన్నది నాకెందుకు చెప్పండి? కానీ ఈ వానాకాలం మొదలైన దగ్గర్నుంచీ మా ఇంట్లోనూ మా పుట్టింట్లోనూ ఇదే చర్చ. మధ్యలో అమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా వచ్చి పడింది. అందుకని నేర్చుకోక తప్పలేదు.

మేముండేది అమీర్‌పేటలో, ఒకప్పటి సత్యం థియేటర్ వెనక సందులో. ఆ థియేటర్ పోయి అదే జాగాలో ఇప్పుడు మల్టీప్లెక్స్ వచ్చింది లెండి. అమ్మ, తమ్ముడు పంజాగుట్టలో ఉంటారు. తమ్ముడు మిచిగన్‌లో ఆరేళ్ళు ఉద్యోగం చేసి వచ్చేశాడు. పెళ్ళి చేసుకోరా అంటే ముందు కారు అన్నాడు. అదీ మామూలు కారు కాదు, స్పోర్టీగా ఉండాలిట. చూసి చూసి బీవైడీ సీల్ అనే ఎలక్ట్రిక్ కారు దగ్గర ఆగాడు. ధర వినగానే మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన అంత పని చేయడం అరుదు.

అసలు చిక్కు అందులో రెండు రకాలుండటం వల్ల వచ్చింది. 2024 మార్చిలో మన దేశంలోకి వచ్చినప్పుడు వెనక చక్రాలకి మాత్రమే బలం వెళ్ళే ప్రీమియం రకం 45.55 లక్షలు. నాలుగు చక్రాలకీ వెళ్ళే పెర్ఫార్మెన్స్ రకం 53 లక్షలు. మొదటిది రేర్ వీల్ డ్రైవ్, రెండోది ఆల్ వీల్ డ్రైవ్. తేడా ఏడున్నర లక్షలు. తమ్ముడి జీతానికి, లోనుకి మొదటిదే ఎక్కువ. కానీ మనసు రెండోదాని మీద. "నాలుగు చక్రాలకీ పట్టుంటే సేఫ్ కదక్కా" అని అమ్మ ముందరే అన్నాడు.

అంతే. అమ్మ ఆ మాట పట్టుకుంది. మర్నాడు ఫోన్ చేసి, "ఏమే, నాన్నగారు నా పేర వేసిన డబ్బు ఉంది కదా, అది తీసి వాడికి ఇచ్చేద్దామనుకుంటున్నా. వాడి ప్రాణం కంటేనా" అంది.

ఆ డబ్బు దేనికోసం ఉంచామో మా ఇద్దరికీ తెలుసు. అమ్మ మోకాళ్ళ ఆపరేషన్ కోసం. రెండేళ్ళుగా "వేసవి వెళ్ళనీ, దసరా వెళ్ళనీ" అంటూ వాయిదా వేస్తోంది. మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంది.

అమ్మని తప్పు పట్టలేను. తను మిచిగన్‌లో ఒక జనవరి గడిపింది. వాళ్ళ అపార్ట్‌మెంట్ ముందు ఏటవాలు దారి, నిండా మంచు. పక్కింటి కుర్రాడి మస్టాంగ్ వెనక చక్రాలు గిర్రున తిరుగుతూ ఉన్నచోటే ఉండిపోయిందిట. మనవాడి సుబారుకి నాలుగు చక్రాలకీ బలం వెళ్తుంది కాబట్టి నెమ్మదిగా పైకి ఎక్కేసింది. అమ్మ కిటికీలోంచి కళ్ళారా చూసింది. అక్కడ అది నూటికి నూరు పాళ్ళు నిజం. మంచు మీద ఒక చక్రానికి పట్టు దొరక్కపోతే ఇంకో దానికి దొరుకుతుంది. కానీ పంజాగుట్టలో మంచెక్కడిది?

మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. వాడు కాగితం మీద బాణాలు గీయబోతే, "నాకు బస్సులో చెప్పరా" అన్నాను. ఫ్రీ బస్సు వచ్చాక మనందరం నిలబడి ప్రయాణం చేయడంలో ఆరితేరాం కదా. బస్సు ఒక్కసారిగా కదిలితే వెనక్కి పడతాం, బ్రేకు వేస్తే ముందుకి తూలతాం. కారు బరువూ అంతేనట. ఒక్క ఊపున ముందుకి దూకినప్పుడు బరువు వెనక చక్రాల మీదికి వెళ్తుంది, అప్పుడు వాటికి పట్టు ఎక్కువ. అందుకే వేగం కోసం చేసే కార్లలో చాలావాటికి వెనక చక్రాలకే బలం ఇస్తారు. ముందు చక్రాలకి బండిని తిప్పే పని ఒక్కటే మిగులుతుంది, స్టీరింగ్ తేలిగ్గా, హాయిగా ఉంటుంది. ఇదేదో కొత్త విద్య కూడా కాదు. పాత అంబాసిడర్, మారుతి ఓమ్ని, మన సిటీ బస్సు, అన్నీ వెనక చక్రాలు తోస్తే నడిచేవే. మారుతి 800ని ముందు చక్రాలు లాగేవి.

"మరి బ్రేకు వేసినప్పుడురా?" అని అడిగాను. అసలు సంగతి అక్కడ ఉంది. బ్రేకు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారుని కదిలించడానికి, వేగం పెంచడానికి సాయపడుతుంది కానీ ఆపడానికి కాదు. ఆపేది, మలుపులో పట్టి ఉంచేది టైర్లు. పైగా రెండో మోటారు వల్ల ఆ కారు మరో 130 కిలోల బరువు.

ఇక వాడు ఫోనులో చూపించిన అంకెలు చూశాక నాకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. వెనక చక్రాల దాని బలం 313 హార్స్‌పవర్. నాలుగు చక్రాల దానిది 530. మా నాన్నగారు జీవితమంతా నడిపిన మారుతి 800కి నలభై కూడా లేదు! సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మొదటిదానికి 5.9 సెకన్లు, రెండోదానికి 3.8. రెండింటి బ్యాటరీ ఒకటే, కానీ చార్జింగ్ ఒకసారి పెడితే కంపెనీ లెక్కలో ఒకటి 650 కిలోమీటర్లు, ఇంకోటి 580. అంటే అమ్మ తన మోకాళ్ళు తాకట్టు పెట్టి కొనబోతున్నది క్షేమం కాదు, వేగం.

తమ్ముడి పక్షాన కూడా చెప్పాలి. వాన పడ్డ మొదటి పది నిమిషాల్లో రోడ్డు మీద నూనె, మట్టి కలిసి జిడ్డుగా ఉన్నప్పుడు, సిగ్నల్ దగ్గర గట్టిగా తొక్కితే వెనక చక్రాల బండి తోక పక్కకి జారొచ్చు. ఇప్పటి కార్లలో కంప్యూటర్ అది పసిగట్టి బలం తగ్గించేస్తుంది, కానీ ఆ పట్టు విషయంలో నాలుగు చక్రాలదే మెరుగు. అనంతగిరి ఘాట్ రోడ్డులో వానలో ఎక్కేటప్పుడూ అంతే. కాదనను. కానీ మైత్రీవనం దగ్గర మోకాలి లోతు నీళ్ళు నిలిచినప్పుడు ఏ డ్రైవూ పనిచేయదు. నీళ్ళ మీద టైరు తేలితే నాలుగూ తేలతాయి. అక్కడ పనికొచ్చేది టైరు గాడుల లోతు (1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని రూలు కూడా ఉందిట), ఇంకా ఆగిపోయే బుద్ధి.

ఆదివారం పొద్దున పంజాగుట్ట వెళ్ళాను. అమ్మ గోంగూర ఒలుస్తోంది. నేనూ కూర్చుని ఒలుస్తూ ఇదంతా చెప్పాను. బస్సు సంగతి ఇట్టే అర్థమైంది ఆవిడకి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత 2016 నాటి ఆ ప్రమాదం ఎత్తింది. తాగిన కుర్రాళ్ళ కారు పంజాగుట్టలో డివైడర్ దాటి అవతల వెళ్తున్న కారు మీద పడిన సంగతి. "దానికి ఎన్ని చక్రాలకి బలం ఉందో ఎవరైనా అడిగారా?" అంది. అని, లోపలికి చూసి, "ఒరేయ్, ఇలా రా" అని పిలిచింది.

వాడు వచ్చాడు. నేను గొడవ పెట్టుకోలేదు. "సేఫ్ అన్నావు కదా, దేనికి సేఫో అమ్మకి చెప్పు" అన్నాను. తల గోక్కున్నాడు. "3.8 సెకన్లక్కా... ఒక్కసారి నడిపితే నీకే తెలుస్తుంది" అన్నాడు. పోనీ, నిజం చెప్పాడు. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో వేగం ముచ్చట ఉండటం నేరమేం కాదు. తన డబ్బుతో అయితే నేను నోరెత్తేదాన్ని కాదు. అమ్మ డబ్బుతో, అదీ అమ్మ భయాన్ని అడ్డం పెట్టి అంటే మాత్రం ఊరుకోను. అదే మాట వాడితో అన్నాను, కాస్త మెత్తగా.

"పట్టు కావాలంటే మంచి టైర్లు వేయించుకో, అరిగేదాకా ఆగకుండా మార్చు. ఆ ఏడున్నర లక్షల్లో ఎన్ని జతలు వస్తాయో లెక్కేసుకో" అన్నాడు మా అబ్బాయి, మేనమామకే పాఠం చెప్తూ. వాడి చెవి మెలిపెట్టి నవ్వేశాడు తమ్ముడు.

ఆ సాయంత్రం టెస్ట్ డ్రైవ్‌కి అమ్మనీ తీసుకెళ్ళాడు, వెనక చక్రాల దానికే. నెక్లెస్ రోడ్డు దాకా వెళ్ళొచ్చారు. ఎలా ఉందమ్మా అంటే, "చప్పుడే లేదే, ఫ్రిజ్‌లో కూర్చున్నట్టుంది" అంది. స్పోర్టీ కారు కదా, సీటు బాగా కిందికి ఉంటుంది. ఎక్కడం ఎలాగో ఎక్కింది కానీ దిగడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు. తమ్ముడు రెండు చేతులూ పట్టుకుని లాగితే, నొప్పికి పళ్ళ బిగువున లేచి నిలబడింది. అప్పుడు చూశాను వాడి మొహం.

కారు బుక్ చేశాడు, వెనక చక్రాలదే. డిపాజిట్ అలాగే ఉంది. మంగళవారం ఎముకల డాక్టర్ దగ్గరికి అపాయింట్‌మెంట్ తీసుకున్నది కూడా వాడే. అమ్మ మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది: "అయితే ఆ ముందు చక్రాలు ఊరికే తిరుగుతుంటాయటే, పాపం?"