పేరు అడిగేదాకా

ఇంటి కోసం ఫోన్ చేస్తే మేం తెలుగులోనే మాట్లాడతం. నల్లగొండ తెలుగు. అవతలి మనిషి కుశాలయితడు. బోరు నీళ్లకు కొదవ లేదంటడు, బస్టాపు దగ్గరంటడు, పిల్లలెందరంటడు. పేరు అడిగేదాకా అన్నీ మంచిగనే ఉంటయి.

2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆఫీసు మమ్మల్ని ఇంటినుంచే పని చెయ్యమన్నది. లాక్‌డౌన్ పోయింది గాని మా కుర్చీ మాకు తిరిగి రాలేదు. యాకుత్‌పురాల రెండు గదులు, ఆరుగురం. ఒక గదిల అమ్మీ నమాజు, ఇంకో గదిల పిల్లల చదువు, నడుమ మా ఒళ్లో లాప్‌టాప్. ఉర్దూ వార్తను తెలుగు చెయ్యాలె, తెలుగు వార్తను దిద్దాలె. మీటింగు నడుస్తుంటే అజాన్ వినపడ్డదా, "మీ వైపు మ్యూట్ చెయ్యండి" అంటరు. ఇంకొకరి వైపు నుంచి గుడి మైకు వినపడితే అందరూ ఊరుకుంటరు. మేం కూడా.

రోజూ ఆఫీసుకు పోయేదే లేనప్పుడు ఈ ఇరుకులెందుకు? అదే కిరాయికి హయత్‌నగర్‌ల మూడు గదులొస్తయి. మెట్రో 2018ల ఎల్బీనగర్ దాకా వచ్చింది, అక్కడిదాకా బస్సుల పోవచ్చు. పైగా విజయవాడ రోడ్డు, మా ఊరి తొవ్వ.

ఒక ఆదివారం పోయి చూసినం. మూడో అంతస్తు, గాలి, వెలుతురు. ఒక గదికి తలుపుంది, తలుపుకు గడియ ఉంది. ఆ గడియను రెండుమూడు సార్లు వేసి తీసి చూసినం. ఓనరు చాయ్ తాగిచ్చిండు. పేరు చెప్పినం. "అట్ల కనబడరే! తెలుగు మస్తు మాట్లాడుతున్నరు" అన్నడు. మా తాతముత్తాతల నోటి మాట మేం మాట్లాడితే ఈయన మెచ్చుకునుడేంది? "నాకేం లేదు సార్, కింది పోర్షనోళ్లను ఒకసారి అడగాలె" అన్నడు. ఆ అడుగుడు ఇంకా ఒడవలేదు.

అక్కడినుంచి హయాత్ బక్షీ మసీదుకు పోయి అసర్ చదివినం. ఆ ఊరికి పేరే ఆమెది, మహమ్మద్ కులీ కుతుబ్ షా బిడ్డది. బేగం పేరున్న ఊళ్లె మా పేరుకు ఇల్లు దొరకలే.

మనోళ్ల సంగతి దాచిపెడితే ఎట్ల? యాకుత్‌పురాలనే పెద్ద వాటా ఒకటి చూసినం. నడుమ సహన్, సహన్‌ల నల్లా, చుట్టూ నాలుగు కుటుంబాలు. ఇంటామె పర్దా వెనక నుంచే అడిగింది: "మర్ద్ దిన్‌భర్ ఘర్‌మేచ్ రైతే క్యా?" నౌకరీయే ఇంట్లనమ్మా అంటే ఇంకింత భయపడ్డది. వద్దన్నది. అక్కడ పేరుతోని ఇబ్బంది, ఇక్కడ పనితోని ఇబ్బంది.

ఇంటికొచ్చి కోపంగ చెప్తే మా ఇంటామె మా దిక్కు తిరగలేదు. "ఆమె తప్పేముంది? మగోళ్లు పనికి పోయినంకనే ఆ సహన్ ఆడోళ్లదయితది. మీరు కిటికీకాడ కూసుంటే వాళ్లు నెత్తి మీది దుపట్టా తియ్యగలరా, నల్లాకాడ నవ్వగలరా?" అన్నది. కొంచెం ఆగి, "మా ఆ గంటలు 2020లనే పోయినయి" అన్నది. ఇన్నేండ్లల్ల మాకొక గది లేదని ఏడ్చినం గాని, మేం ఇంట్ల కూసుని ఎవరి చోటు గుంజుకున్నమో చూడలే. మైనారిటీల గురించి ఎన్ని వ్యాసాలు రాసినం!

అమ్మీది ఇంకో ప్రశ్న. "హయత్‌నగర్‌ల ఇల్లిచ్చినా, నా మయ్యత్‌ను మళ్ల ఇంత దూరం మోసుకొస్తరా?" ఆమె పుట్టిల్లు ఇదే. 1990 డిసెంబరు అల్లర్లల్ల కూడా ఈ గల్లీ వదలలేదు.

ఆఖరుకు ఇల్లు మారలే. ఛత్తా బజార్‌ల పెళ్లికార్డుల ప్రెస్సు మీద చిన్న గది తీసుకున్నం. నెలకు 4,000, రెండు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల కాగితం. కింద మిషన్ల చప్పుడు, సిరా వాసన. మీటింగుల ఇప్పుడు మిషన్ వినపడుతది, దాన్నెవరూ మ్యూట్ చెయ్యమనలేదు.

మొదటిరోజు సంచి భుజానికేసుకుని బయలెల్లినం. ఇంకా గల్లీ మలుపు కూడా తిరగలే, వెనక తలుపు గడియ పడ్డది. పక్కింటామె గొంతు, మా ఇంటామె నవ్వు. ఏమన్నదో వినపడలే.