ఆ ఇల్లాలు చెప్పిన మాట

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రభుత్వాసుపత్రులలో పనిచేసినంత కాలం గురకను నేను జబ్బుగా ఎన్నడూ పరిగణించలేదు. పాఠక మిత్రులకు ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. నేడు రాస్తున్నదంతా ఆ పొరపాటును గురించే.

పాతికేళ్ల కిందటి సంగతి. దేవరకొండ వైపు నుంచి ఒక లారీ డ్రైవరు భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. పొట్టిమెడ, భారీ శరీరం. రెండు రకాల మాత్రలు వాడుతున్నా రక్తపోటు అదుపులోకి రావడం లేదు. లేవగానే తలనొప్పి, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం, పగలంతా మత్తు. నిద్ర చాలడం లేదన్నదే అతని ఫిర్యాదు. పక్కన నిలబడిన భార్య నెమ్మదిగా అంది: "గుర్రు కొట్టుకుంట కొట్టుకుంట ఉన్నట్టుండి దమ్ము ఆపుతడు సారూ. నేను కుదిపితెనే మళ్ల తీసుకుంటడు. నాకు బయమైతది."

నేను నవ్వాను. "కుంభకర్ణుణ్ణి కట్టుకున్నావు, ఏం చేస్తామమ్మా" అని, ఒక నిద్రమాత్ర రాసిచ్చాను.

ఆమె ఆ రోజు నాకు రోగనిర్ధారణ మొత్తం చెప్పింది. దానినే స్లీప్ అప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కు జారి, గాలి దారి మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట పెనుగులాడుతూనే ఉంటాయి గాని ఊపిరితిత్తులకు గాలి చేరదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం మేల్కొలుపుతుంది. గట్టిగా ఒక గురక, మళ్లీ నిద్ర, మళ్లీ అదే తంతు. శ్వాస కనీసం పది సెకన్లు ఆగితే ఒకసారిగా లెక్క. పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గిన సందర్భాలను కూడా కలుపుకొని, గంటకు అయిదు దాటితే జబ్బు, ముప్పై దాటితే తీవ్రమైనది. ముప్పై అంటే ప్రతి రెండు నిమిషాలకొకసారి! తెల్లవారితే రోగికి ఇందులో ఒక్కటీ గుర్తుండదు. చూసేది పక్కన పడుకున్నవారే. గుండె మాత్రం ప్రతిసారీ లెక్క రాసుకుంటుంది. లొంగని రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం ఆ లెక్కలోనివే.

నేను రాసిన మాత్ర ఆ సడలే కండరాలను మరింత సడలించేది. మన జిల్లాలలో కల్లులో కలుపుతూ పట్టుబడుతున్న ఆల్ప్రాజోలం కూడా ఆ కోవకు చెందిన మందే. పగటి అలసట తీరాలని సాయంత్రం అటువంటి కల్లు తాగి పడుకునేవారు ఎందరో! వారి గొంతుకు అది ఉరితాడు వంటిది.

కొన్ని నెలలకు ఆ డ్రైవరు సూర్యాపేట దగ్గర తెల్లవారుజామున, ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొన్నాడు. కుడికాలు మోకాలి కింద తీసివేయవలసి వచ్చింది. నిద్ర వల్లనే జరిగిందని నేను నిరూపించలేను. రోడ్డుపై బ్రేకు వేసిన ఆనవాలే లేదని అతని తమ్ముడు చెప్పాడు.

అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. ఉద్యోగ విరమణ తరువాత మా ఆవిడ అదే మాట నాతో అంది, "మీకు ఊపిరి ఆగిపోతోందండీ" అని. డాక్టరును నేనా, నువ్వా అని విసుక్కున్నాను. ఆమె వాదించలేదు, ఒక రాత్రి సెల్‌ఫోనులో రికార్డు చేసి ఉదయం కాఫీతో పాటు వినిపించింది. గురక, గురక, ఆపై నిశ్శబ్దం. అలవాటు కొద్దీ గడియారం చూసి లెక్కపెట్టాను. ఇరవై మూడు సెకన్లు. ఆ తరువాత వినిపించిన శబ్దం నీళ్లలో మునిగినవాడు పైకి తేలినప్పటిది.

హైదరాబాదులో నిద్ర పరీక్ష చేయించుకుంటే గంటకు ముప్పై ఎనిమిది అని తేలింది. నాటి నుంచి సీపాప్ యంత్రంతో నిద్రిస్తున్నాను. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ ప్రకటించిన పద్ధతి ఇది. ముక్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపి దారి మూసుకోకుండా చూస్తుంది. మొదటి వారం చికాకుగా ఉండింది, మా మనవడు తాతయ్యకు తొండం వచ్చిందన్నాడు. నెల తిరిగేసరికి తలనొప్పి పోయింది. నా చిరాకు కూడా తగ్గిందని ఇంట్లోవారు అంటున్నారు, అంతకాలం అది నా స్వభావమనుకున్నారు పాపం.

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మనల్ని ఉర్రూతలూగించిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో మరణించినప్పుడు, వైద్యులు చెప్పిన కారణాలలో ఈ జబ్బు ఒకటి. దీనిని లావుపాటి మగవారి రోగమనుకోకండి. దవడ చిన్నదైతే సన్నగా ఉన్నవారికీ రావచ్చు. ముట్లుడిగిన స్త్రీలలో పెరుగుతుంది, కాని సిగ్గుతో చెప్పుకోరు. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ పెరిగిన పిల్లలకూ వస్తుంది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, సాయంత్రం మద్యం, కల్లు మానడం కొంత మేలు చేస్తాయి. తీవ్రమైనప్పుడు అవి చాలవు.

మీ ఇంట్లో ఎవరికైనా గురక మధ్యలో ఊపిరి ఆగుతున్నట్లు అనిపిస్తే, పది నిమిషాలు ఫోనులో రికార్డు చేసి డాక్టరుకు వినిపించండి. ఆయన నాలాగా నవ్వితే మరొకరి దగ్గరికి వెళ్లండి. పరీక్ష అయ్యేదాకా ఆ మనిషిని రాత్రివేళ స్టీరింగు ముందు కూర్చోనివ్వకండి.

ఆ డ్రైవరు కుటుంబం కోసం నిరుడు దేవరకొండలో విచారించాను. ఎప్పుడో ఇల్లు అమ్ముకొని వెళ్లిపోయారట, ఎక్కడికో ఎవరికీ తెలియదు. మా ఆవిడ ఇప్పటికీ రాత్రి ఒకసారి లేచి, నా ముక్కు దగ్గరి గొట్టం ఊడిపోలేదు కదా అని చూసి పడుకుంటుంది.