కొత్త ఉద్యోగం - కడుపులో గుబులు

మీ ఇంట్లో అబ్బాయికో అమ్మాయికో ఈమధ్యే ఉద్యోగం వచ్చిందా? సంతోషం. కానీ వారం తిరక్కుండానే టిఫిను ముట్టడం మానేశారనీ, బయలుదేరే వేళకు రెండు మూడుసార్లు దొడ్డికి పరుగెత్తుతున్నారనీ, ఆదివారం సాయంత్రానికే ముఖం మాడ్చుకుంటున్నారనీ గమనించే ఉంటారు. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తిప్పిపోసే తల్లులున్నారు. పోస్తే పోయండి, నష్టం లేదు. అసలు సంగతి కూడా తెలుసుకోండి.

నేను వైద్యం చేస్తున్నది నాచారంలో. ఒకపక్క పారిశ్రామికవాడ, మరోపక్క హబ్సిగూడ, ఉప్పల్ ఆఫీసులు. తెల్లవారకముందే ఘట్‌కేసర్, భువనగిరి వైపు నుంచి వచ్చినవాళ్లు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగి షిఫ్టుకు పరుగులు తీస్తారు. 2017 నవంబరులో మెట్రో వచ్చాక అమీర్‌పేట వెళ్లేవారికి సుఖమైంది గాని, నాచారం ఫ్యాక్టరీ గేటుకు మాత్రం ఇప్పటికీ ఆటోనో బస్సో ఎక్కాల్సిందే. వీళ్లలో కొత్తగా చేరినవారిని నేను చూడగానే గుర్తుపడతాను. "డాక్టరుగారూ, బలానికి టానిక్ రాయండి" అంటారు. నేను రాయను.

హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల మీద పరిశోధించి 1936లో ఒక విషయం చెప్పాడు. చలి గాని, గాయం గాని, మితిమీరిన శ్రమ గాని, ఏది మీదపడినా శరీరం మొదట ఒకే తీరున ఉలిక్కిపడుతుంది. తర్వాత సర్దుకుంటుంది. ఆ ఒత్తిడి ఆగకుండా సాగితే అలసి కూలబడుతుంది. కొత్త సూపర్‌వైజరు, పేర్లు తెలియని మనుషులు, ఎక్కడ తప్పు పోతుందోనన్న బెంగ కూడా ఇలాంటివే. అడ్రినలిన్ ఊరుతుంది, గుండె దడదడలాడుతుంది. జీర్ణాశయం నెమ్మదిస్తుంది, పెద్దపేగు తొందరపడుతుంది. తిన్నది దిగకపోవడం, ఆ పరుగులు, రెండూ అందుకే. చాలామందికి కొద్ది వారాల్లో ఇది దానంతటదే తగ్గుతుంది. అందాకా ఖాళీ కడుపుతో పంపకండి. రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో చాలు. సాయంత్రం కాఫీ తగ్గించండి, తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

ఆడపిల్లలకు ఒక మాట. బాత్రూము ఎక్కడో అడగడానికి మొహమాటపడి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు నా దగ్గరికి మూత్రంలో మంటతో వస్తారు. చేరిన రోజే అడగండమ్మా, అందులో సిగ్గేముంది?

ఇక అసలు చెప్పదలచుకున్నది. "అలవాటైపోతుందిలే" అనే మాట అన్నిటికీ పనికిరాదు. రసాయనాల మధ్య పనిచేసే ఒక కుర్రవాడు తలనొప్పి, కళ్లు తిరగడం అంటూ వచ్చాడు. కొత్త ఉద్యోగం భయమేనని ఇంట్లో అందరూ తేల్చేశారు. సెలవు రోజున ఎలా ఉంటుందని అడిగాను. "శుభ్రంగా ఉంటానండీ" అన్నాడు. "మొదట్లో ఘాటుగా ఉండేది, ఇప్పుడసలు వాసనే తెలియడం లేదు" అని కూడా అన్నాడు. భయమైతే ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. ఇతని తలనొప్పి లోపలికి వెళ్లిన గంటకు మొదలై, బయటికొచ్చాక తగ్గుతోంది. ముక్కు ఏ వాసనకైనా నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. నరాలూ కాలేయమూ అలవాటు పడవు. అతనికి మాత్రలు కాదు, గాలి ఆడే చోటు, సరైన మాస్కు కావాలి. ఆ మాటే చీటీ మీద రాసిచ్చాను. చీటీ చూపించాక పని చోటు మార్చారట. ఉద్యోగమూ నిలిచింది, తలనొప్పీ పోయింది. షిఫ్టు దిగాక చెవుల్లో గింగురుమంటున్నా ఇదే లెక్క.

కాబట్టి బాధ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు తగ్గిందో పది రోజులు ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. జీతంలో ఈఎస్‌ఐ కోత పడుతోందేమో చూసుకోండి. కార్మికుడి వాటాను 2019 జూలైలో 1.75 నుంచి 0.75 శాతానికి తగ్గించారు. చేరిన రోజు నుంచే మీకూ మీ కుటుంబానికీ వైద్యం అందుతుంది, ఆసుపత్రి నాచారంలోనే ఉంది. నెల దాటినా నిద్ర పట్టకపోయినా, బరువు తగ్గుతున్నా ఇంట్లో దాచకండి. బతుకు మీద విరక్తి మాటలు వినిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగవద్దు. 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ అక్కర్లేదు.