సరీ కాదు, బేసీ కాదు

పూర్ణసంఖ్య అన్నాక సరి అయినా కావాలి, బేసి అయినా కావాలి. మూడో దారి లేదు. ప్రమేయాల దగ్గరికొచ్చేసరికి ఆ కట్టుబాటు చెల్లదు. పాఠ్యపుస్తకంలో ఈ సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది గాని, మా పల్లెటూరి పిల్లలు చాలామంది ఆ వాక్యం దగ్గరే చతికిలబడతారు.

మా బాబాయి కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పింది. "సప్లిమెంటరీ కూడా పోతే ఇంక చదువు చాలు" అన్నాడు బాబాయి. మనిషి చెడ్డవాడు కాదు. మిరప రెండేళ్ళుగా ముంచేసింది. సెలవులకి ఊరెళ్ళిన నన్ను పిన్ని పట్టుకుంది, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోమని.

పిల్లకి సూత్రం నోటికొచ్చు. ఎక్స్ బదులు మైనస్ ఎక్స్ పెట్టినా విలువ మారకపోతే సరి ప్రమేయం. గుర్తు మాత్రమే మారితే బేసి. గ్రాఫు గీయమంటే మాత్రం చెయ్యి కదలదు. అందుకని కావడి చెప్పాను. భుజానికి ఇటూ అటూ సమానదూరంలో, సమానమైన ఎత్తులో రెండు బిందెలు. ఎక్స్ స్క్వేర్ అలాంటిది. కాగితాన్ని నిలువు అక్షం మీద మడిస్తే రెండు సగాలూ ఒకదానిమీదొకటి కూచుంటాయి.

ఏతం వేరు. మా తాత రోజుల్లో మా నూతిమీద ఉండేదట, ఇప్పుడక్కడ మోటారు. ఇరుసుకి ఈ పక్క ఎంత దిగితే, అంతే దూరాన ఆ పక్క అంత లేస్తుంది. ఇరుసు కదలదు. బేసి బహుపది గీత మూలబిందువు గుండా పోవడం అందుకే. ఎక్స్ క్యూబ్ మైనస్ 4 ఎక్స్ తీసుకోండి: 3 దగ్గర 15, మైనస్ 3 దగ్గర మైనస్ 15. దానికి 7 కలిపామా, ఇరుసు పైకి లేచి బేసితనం పోతుంది. కావడికి ఆ బాధ లేదు, మోసేవాడు మెట్టెక్కినట్టే.

"7 బేసి సంఖ్య కదన్నయ్యా, సరితనం ఎందుకు చెడదు?"

మంచి ప్రశ్న. చూడాల్సింది ఎక్స్ మీది ఘాతాన్ని. ఒట్టి 7లో ఆ ఘాతం సున్నా, సున్నా సరి. ఆయిలర్ 1748లో అచ్చయిన గ్రంథంలోనే ప్రమేయాలను సరి, బేసి అని విడదీశాడు. పేర్లు సంఖ్యలవే గాని నడత వేరు: రెండు బేసి సంఖ్యల లబ్ధం బేసి, రెండు బేసి ప్రమేయాల లబ్ధం సరి!

ఇక ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్. డిగ్రీ 2 కనక సరి అనేవాళ్ళు మన డిగ్రీ క్లాసుల్లోనూ ఉన్నారు. 2 దగ్గర 6, మైనస్ 2 దగ్గర 2. సరీ కాదు, బేసీ కాదు. అలాగని దిక్కులేనిదీ కాదు. 6, 2 కలిపి సగం చేస్తే 4, అది ఎక్స్ స్క్వేర్ వాటా. 6లోంచి 2 తీసి సగం చేస్తే 2, అది ఎక్స్ వాటా. ఏ బహుపదిలోనైనా ఒక కావడీ ఒక ఏతమూ ఇలా విడివిడిగా దొరుకుతాయి, అదీ ఒక్క రకంగానే.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "రెండూ అయ్యేది ఉంటుందా?" అని తనే అడిగి, తనే చెప్పింది: "గుర్తు మారాలి, విలువ మారకూడదు. సున్నా ఒక్కటే!"

సప్లిమెంటరీ గట్టెక్కింది. రెండో సంవత్సరం పుస్తకాలు బాబాయే తెచ్చాడు.