మా యూరి వ్యాయామశాల

మనుష్యుని స్వభావము తెలిసికొనదలచినవారు అతనిని ప్రయాణములోనో, భోజనపంక్తిలోనో చూడవలెనందురు. నరసరావుపేటలో బడిపంతులనైన నేను ఈ రెంటికిని మూడవ స్థలము నొకదానిని చేర్చుచున్నాను. అది వ్యాయామశాల. మన తాతలు దీనిని గరిడి యనిరి; తండ్రులు తాలింఖానా యనిరి; పిల్లలు జిమ్ అనుచున్నారు. పేరు మారినను ఇనుము బరువు మారలేదు.

మూడేండ్ల క్రిందట నా నెత్తుటిలో చక్కెర పెరిగినదని వైద్యుడు చెప్పినది మొదలు నే నచ్చటికి పోవుచున్నాను. తెల్లవారుజామున అయిదున్నరకు తలుపు తీయుదురు. ఆ వేళకు గడపయొద్ద నిలుచువారు ప్రతిదినమును ఇంచుమించుగా ఆ పదునైదుగురే. వారి పేర్లలో సగము నే నెరుగను. వారి మోకాళ్ల నొప్పులను, నడుము పట్లను మాత్రము సమస్తము నెరుగుదును.

అందొకరు పదవీవిరమణ చేసిన గుమాస్తాగారు. ఆయన ట్రెడ్‌మిల్లుపై గంటసేపు నడచి, ఎక్కినచోటనే దిగును. "ముప్పై అయిదేళ్లు ఆఫీసులో చేసిందీ ఇదే గదండీ" అని తానే నవ్వును. మరియొక యువకుడు అద్దము ముందునుండి కదలడు. ఒకసారి బరువెత్తి, రెండుసార్లు కండ చూచుకొని, మూడుసార్లు సెల్‌ఫోనులో బొమ్మ తీసికొనును. బలవంతుడు సయితము తన శక్తిలో సగమే వ్యాయామమునకు వినియోగింపవలెనని అష్టాంగహృదయమున వాగ్భటుడు విధించినాడని నేనొకనాడు వానితో నంటిని. "మిగతా సగం ఫోటోలకే ఖర్చు పెడుతున్నాను మాస్టారూ" అని వాడు బదులు చెప్పెను.

ఇంక నలుగురైదుగురు కానిస్టేబులు కొలువుకు సిద్ధమగుచున్న పల్లెటూరి పిల్లలు. 1600 మీటర్ల పరుగు గడువులోపల ముగింపలేకున్న వారి చదువంతయు వ్యర్థమగును. వారికి వ్యాయామము వేడుక కాదు, బ్రదుకుతెరువు. వారు అద్దమువంక చూడరు, గోడగడియారమువంక చూతురు.

ఆ పిల్లలలో నొకని తండ్రి బియ్యపుమిల్లులో హమాలీ. దినమునకు ఎన్నియో 75 కిలోల ధాన్యపు బస్తాలు ఆయన వీపుపై లారీనుండి దిగును. ఆ మిల్లు యజమాని కూడ మా జట్టులోనివాడే. ఆయన బల్లపై వెల్లకిల పరుండి, రెండుచేతులతో ఇనుపకమ్మిని రొమ్ముమీదికి దించుకొని మరల నెత్తును. చేతులు వణకినచో కమ్మి గొంతుకమీద పడును గనుక తలవైపున నొకరు నిలువవలెను. "కాస్త చెయ్యి వెయ్యి నాయనా" అని ఆయన పిలుచును. హమాలీగారి కుమారుడు వచ్చి నిలుచును. పగటివేళ మిల్లు గుమ్మములో ఆ తండ్రి ఈయన యెదుట చేతులు కట్టుకొని నిలుచును. తెల్లవారి ఆరుగంటలకు ఈయన ప్రాణము ఆ కుమారుని చేతిలో నుండును.

జిమ్నాసియమను మాటకు మూలమైన గ్రీకుశబ్దమునకు దిగంబరుడని యర్థము. మనవారు బనియను వరకే వచ్చిరి. అయినను చొక్కాతోపాటు కులమును, ఉద్యోగమును, పొలము నెకరములను కొంతవరకు కొక్కెమునకు తగిలించియే లోనికి వచ్చుచున్నారు. పల్నాటికి ఇది అపరిచితమైన సంగతి కాదు. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెనని మన వీరగాథలు చెప్పును. ఆ చాపకూటిని కారంపూడి వీరారాధనలో నేటికిని జరుపుచున్నారు. అది సంవత్సరమునకొక పర్యాయము వచ్చు పండుగ. ఒకరి చెమట యారకముందే వేరొకరు అదే బల్లపై పరుండుట మా వ్యాయామశాలలో ప్రతిదినమును జరుగుచున్నది.

అయితే ఈ చాప సగమే పరచబడినది.

మా వ్యాయామశాల గోడమీద, ధర్మాచరణమునకు శరీరము ఎంత ముఖ్యమో తెలుపు కాళిదాసుని వాక్యమును పెద్దయక్షరములతో వ్రాయించినారు. దాని యర్థమును అనేకులు నన్నడిగిరి. ఎవరు ఎవరితో పలికిరని మాత్రము ఒక్కరును అడుగలేదు. కుమారసంభవము పంచమసర్గమున, బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు కఠోరతపస్సులోనున్న పార్వతితో పలికిన మాట యది. అనగా ఆ యుపదేశమును మొట్టమొదట విన్నది స్త్రీ. ఆ గోడక్రింద ఉదయమున పదిగంటల వరకును, సాయంకాలము నాలుగు మొదలు తొమ్మిది వరకును స్త్రీ యొకతెయు కానరాదు. స్త్రీలకు కేటాయించిన వేళ పదకొండు మొదలు ఒంటిగంట వరకు. రెంటచింతల యెండలకు పేరుపడిన మన సీమలో అది యెట్టి వేళయో వేరుగ చెప్పనక్కరలేదు.

మా యక్క మా వీథిలోనే కాపురమున్నది. ఏబదిరెండేండ్లది. నాకున్న చక్కెరయే ఆమెకును కలదు, మోకాళ్లనొప్పి అదనము. వైద్యుని మాటపై ఇరువదిదినములు వ్యాయామశాలకు వచ్చి మానివేసెను. కారణమడిగితిని. "నన్నెవరూ పోవద్దనలేదురా తమ్ముడూ. పన్నెండింటికి అన్నం వడ్డించమన్నారు, అంతే" అనెను.

ఆ చిన్నమాట నన్ను చాలదినములు వదలలేదు. వీరేశలింగము పంతులుగారి కాలమున పూర్వాచారపరులు శాస్త్రము చూపి అడ్డగించిరి. సంస్కర్తలు శాస్త్రమునే చూపి బదులు చెప్పిరి. పన్నెండుగంటల యన్నమునకు శాస్త్రప్రమాణముతో పనిలేదు. నిషేధించినవారు లేరు గనుక ఎవరితో వాదింపవలెనో తెలియదు.

ఇంటిపనియే స్త్రీలకు చాలినంత వ్యాయామమని కొందరందురు. ఇంటిపని యలసట నిచ్చును; అలసట వేరు, బలము వేరు. పెద్దలైనవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమయు, రెండుదినములైనను కండరములకు బలమిచ్చు వ్యాయామమును చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినప్పుడు ఆడ, మగ యను భేదము చూపలేదు. ముట్లుడిగిన తరువాత స్త్రీల యెముకలు త్వరగా సాంద్రతను కోల్పోవును. బరువులెత్తుట ఆ క్షీణతను కొంత నెమ్మదింపజేయును.

బరువులెత్తుట ఆడువారికి అందము కాదనువారును కలరు. శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీయందు మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము నందిన భారతస్త్రీలలో నామెయే ప్రథమురాలు. ఇంటికి వచ్చినచో, గురజాల కొలువున మంత్రాంగము నడపిన నాగమ్మను నాయకురాలని నేటికిని చెప్పుకొనుచున్న నేల మనది. రాజ్యభారమును మోయగలదని నమ్మిన స్త్రీ అయిదుకిలోల ఇనుము నెత్తిన ముక్కుమీద వ్రేలు వేసికొనుట మనకు తగునా?

నేను మా బావగారితో మాటలాడితిని. ఆయన కఠినుడు కాడు. కొంతసే పాలోచించి "నాకు తట్టనేలేదోయ్" అనెను. మరునాటినుండి ఆ యింట భోజనము ఒంటిగంటన్నరకు మారినది. అక్క రాక ఆలస్యమైన దినమున ఆయనయే వడ్డించుకొని తినుచున్నాడు. ఎనిమిది నెలలైనది, ఆకాశము విరిగి పడలేదు. మొన్న మా యింట పేరంటమున అక్క చాపమీద కూర్చుండి, గోడ పట్టుకొనక, ఎవరి చేయూతయు లేక లేచి నిలిచెను. అక్కడనున్నవారిలో దానిని గమనించినది నేనును, ఆమెయు మాత్రమే.

చదువరులారా! వ్యాయామశాలల యజమానులు ఉదయపు చల్లనివేళలో స్త్రీల కొక గంట విడువవలెనని మనము గట్టిగా కోరవలెను. అది వారి చేతిలోని పని. మన చేతిలోని పని యింతకంటె సులభము. మీ యింట భోజనమునకు వేళ యేది? దానిని ఎవరు నిర్ణయించిరి? ఆ వేళకు వడ్డించుచున్న చేతులను ఈ రాత్రియే యొకమాట అడుగుడు. గడియారపు ముల్లును జరుపుటకు బలిష్ఠమైన భుజములు అక్కరలేదు.