బోటీ తిని తల దించుకునేదెవరు?

తెలుగు పత్రిక డెస్కు మీద రాత్రిపూట తిరిగినన్ని జంతువులు నెహ్రూ జూ పార్కులో కూడా ఉండవు. ఏజెన్సీ కాపీ తెరిస్తే చాలు, మార్కెట్లో ఎద్దు రంకె వేస్తుంది, ఎలుగుబంటి పంజా విసురుతుంది, పార్టీ సమావేశంలో నల్లగుర్రం ముందుకొస్తుంది. వీటికి తోడు మాంసం. ఎన్నికలొచ్చాయంటే ఇంగ్లీషు విలేకరి భద్రతను 'బీఫ్ అప్' చేయించకుండా ఊరుకోడు. మేం దాన్ని 'భద్రత కట్టుదిట్టం' చేసి పేజీకి పంపేస్తాం. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ వార్త చదివే శాకాహారికి దాని వెనకాల గొడ్డుమాంసం ఉందని తెలియనే తెలియదు.

కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడొకడు అమెరికా వార్తలో 'లేమ్ డక్' కనబడగానే 'కుంటి బాతు అధ్యక్షుడు' అని రాసేశాడు. మా చీఫ్ సబ్ కళ్లజోడు నెత్తిమీదికి తోసి, "ఏమయ్యా, వైట్‌హౌస్‌లో బాతుల్ని ఎప్పట్నుంచి పెంచుతున్నారు?" అన్నాడు. "మరేం రాయమంటారు సార్, ఆపద్ధర్మ అధ్యక్షుడనా?" అన్నాడు వాడు. అదీ కుదరదు. రాజీనామా ఇచ్చేసి, కొత్తవాళ్లు వచ్చేదాకా కుర్చీ కనిపెట్టుకుని ఉండేది ఆపద్ధర్మ ప్రభుత్వం. లేమ్ డక్ సంగతి వేరు. నవంబరులో ఇంకొకరు గెలిచినా జనవరి 20 దాకా అధికారాలన్నీ పాత అధ్యక్షుడివే, మాట వినేవాళ్లే ఉండరు. చివరికి 'దిగిపోనున్న అధ్యక్షుడు' అని సర్దారు. నిజానికి ఈ బాతు రాజకీయాల్లో పుట్టలేదు. లండన్ షేర్ల బజారులో బాకీ తీర్చలేక చేతులెత్తేసిన వ్యాపారిని అలా పిలిచేవారు. 1761లోనే ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ ఒక ఉత్తరంలో ఎద్దునీ, ఎలుగునీ, కుంటి బాతునీ ఒకే వరసలో నిలబెట్టాడు.

ఇన్నేళ్లు ఈ పని చేశాక నాకొకటి అర్థమైంది. ఇంగ్లీషు నుంచి ప్రాణంతో బయల్దేరిన జంతువు తెలుగులోకి హాయిగా వచ్చేస్తుంది. వండిన జంతువు రాదు. మొసలి కన్నీరు వచ్చింది, సింహభాగం వచ్చింది, తెల్ల ఏనుగు వచ్చింది. ఇవాళ వీటిని ఎవరూ పరాయివి అనుకోరు, పల్లెటూరి రచ్చబండ మీద కూడా వినిపిస్తాయి. పంచతంత్రం వింటూ పెరిగినవాళ్లకి ఈసప్ సింహాన్ని ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. సంపాదించి ఇంటికి తేవడాన్ని చెప్పే 'బ్రింగ్ హోమ్ ద బేకన్' మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. 'ఈట్ హంబుల్ పై' అసలు ఊళ్లోకే రాలేదు.

ఈ హంబుల్ పై కథ చూడండి. వేటాడి తెచ్చిన జింకలో మంచి మాంసం దొరగారి బల్లమీదికి పోయేది. గుండె, కార్జం, పేగులు మిగిలేవి. వాటిని 'అంబుల్స్' అనేవారు, వాటితో పై చేసి పనివాళ్లకు పెట్టేవారని చెబుతారు. వినయానికి ఇంగ్లీషులో ఉన్న 'హంబుల్' అనే మాట, చెవికి దగ్గరగా ఉందని ఈ అంబుల్స్‌కి అతుక్కుంది. ఆ రెంటినీ ముడేసి, తప్పు ఒప్పుకుని తల దించుకోవడాన్ని హంబుల్ పై తినడం అనడం 19వ శతాబ్దంలో మొదలైంది.

ఇది తెలుగువాళ్లకు ఎలా ఎక్కుతుంది? ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు నిలబడి చూడండి. తొడ మాంసం కోసం వచ్చినవాడు నింపాదిగానే ఉంటాడు. తలకాయకీ, కాళ్లకీ, బోటీకీ ముందు రోజే చెప్పి ఉంచుతారు. వేడినీళ్లు పోసి, పసుపు రాసి, పేగు పేగూ తిరగేసి కడగడానికే ఇంటావిడకు గంట పడుతుంది. అంత చాకిరీ చేసి వండిన బోటీ కూర ముందు కూర్చుని ఏ తెలంగాణ అల్లుడూ తల దించుకోడు, ఇంకో ముద్ద కలుపుకుంటాడు. ఆ మాటకొస్తే ఇంగ్లీషువాడు మాత్రం దించుకున్నాడా? 1663లో శామ్యూల్ పీప్స్ ఇంటికి పొరుగావిడ పొయ్యిలోంచి తీసిన అంబుల్ పై వేడివేడిగా తెచ్చి పెట్టింది. ఎంత బాగుందోనని ఆయన డైరీలో రాసుకున్నాడు. అప్పట్లో పీప్స్ నౌకాదళ కార్యాలయంలో పెద్ద ఉద్యోగి, పనివాడేం కాదు.

బేకన్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. ఇంగ్లండులోని ఎసెక్స్‌లో డన్మో అనే ఊరుంది. పెళ్లయిన ఏడాది మీద ఒక రోజు దాకా 'ఎందుకు చేసుకున్నానురా దేవుడా' అని ఒక్కసారీ అనుకోని జంటకు అక్కడ పంది పక్కమాంసం, ఉప్పు పట్టించింది, బహుమతిగా ఇస్తారు. కవి చాసర్ నాటికే ఇది లోకప్రసిద్ధం. మధ్యలో ఆగిపోయిన ఆచారాన్ని 19వ శతాబ్దంలో మళ్లీ లేపారు. ఇప్పటికీ లీపు సంవత్సరంలో జరుగుతుంది. ఆరుగురు పెళ్లికాని అమ్మాయిలు, ఆరుగురు బ్రహ్మచారులు జ్యూరీ. మాంసం తరఫున లాయర్ ఒకరు, జంట తరఫున ఒకరు. గెలిచినవాళ్లు మొనదేలిన రాళ్ల మీద మోకరిల్లి ప్రమాణం చేయాలి. మన దగ్గర ఈ పోటీ పెడితే మాంసం తరఫున వాదించడానికి లాయర్ ఫీజు దండగ, ఇద్దరు వియ్యపురాళ్లు చాలు.

బేకన్ ఇంటికి తేవడమనే మాట ఇక్కడే పుట్టిందని ఇడియమ్స్ పుస్తకాల్లో కనిపిస్తుంది. నేను నమ్మను. ఆ మాట జనం నోళ్లలో పడింది 1906లో, అమెరికాలోని నెవాడాలో. గోల్డ్‌ఫీల్డ్ అనే గనుల ఊళ్లో సెప్టెంబరు 3న జో గాన్స్ అనే నల్లజాతి బాక్సర్ 42 రౌండ్లు కొట్లాడి బ్యాట్లింగ్ నెల్సన్‌పై గెలిచాడు. బేకన్ పట్టుకునే ఇంటికి రమ్మని వాళ్లమ్మ అంతకుముందు టెలిగ్రాం కొట్టింది. పేపర్లవాళ్లు ఆ తంతిని ఎగరేసుకుపోయారు. కోడలి కష్టం, కొడుకు సంపాదన తెలిసిన తల్లి మాట కాబట్టి అది నిలిచింది. డన్మో కథ అందంగా ఉంది, అంతే.

మాంసం మాటలు తెలుగులోకి రాకపోవడానికి మన శాకాహారం కారణమనేవాళ్లున్నారు. ఒట్టిమాట. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రలోనూ మాంసాహారులు నూటికి 98 మందికి పైనే. తేడా నిలవ దగ్గర ఉంది. ఇంగ్లీషువాళ్లు చలికాలం ముందు పందిని కోసి, ఉప్పు పట్టించి, పొగబెట్టి, నెలల తరబడి దూలానికి వేలాడదీసుకున్నారు. రోజూ కళ్లెదుట వేలాడేది మాటల్లోకి దిగుతుంది. మనం పొద్దున కోసిన యాటను రాత్రికి ముగించేస్తాం. మన ఇంట్లో ఏడాది పొడుగునా ఉండేది పప్పు. అందుకే పప్పులు ఉడకవు, పప్పులో కాలేస్తాం, అవసరం తీరాక కరివేపాకులా తీసేస్తారు. మాంసం ఊసే లేదని కాదు. మాంసం తింటామని ఎముకలు మెళ్లో వేసుకుంటామా అని అడగనే అడుగుతాం.

ఒక్క రెడ్ హెరింగ్ మాత్రం దొడ్డిదారిన వచ్చింది. ఉప్పేసి పొగబెడితే ఎర్రబడే చేప అది. దాన్ని ఈడ్చి వేటకుక్కల్ని కుందేలు జాడ నుంచి తప్పించానని 1807లో విలియం కాబెట్ తన పత్రికలో ఒక కథ అల్లి, తప్పుడు వార్త వెంట పరుగెత్తిన తోటి పత్రికల్ని దెప్పాడు. దారి మళ్లించే ప్రతి వాదనకీ ఆ పేరు స్థిరపడింది. ఇప్పుడు మన బిజినెస్ పేజీల్లో ఐపీవో వార్త వస్తే రెడ్ హెరింగ్ ప్రాస్పెక్టస్ అని తెలుగులోనే అచ్చవుతుంది. అక్కడ అర్థం వేరు. ముసాయిదా అట్టమీద ఎర్రసిరాతో హెచ్చరిక వేసే అమెరికా అలవాటు నుంచి వచ్చిన పేరది. షేరుకు దరఖాస్తు పెట్టే మా వీధి మెడికల్ షాపాయనకు అది చేపని తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

2018 డిసెంబరులో జంతుప్రేమికుల సంస్థ పెటా ఒక సలహా ఇచ్చింది. ఇక మీదట ఇంటికి బేకన్ తేవద్దు, బేగల్స్ అనే రొట్టెలు తెండి. ఒకే రాయితో రెండు పక్షుల్ని చంపకండి, ఒకే స్కోన్ బన్‌తో రెంటికీ మేత పెట్టండి. లోకం పగలబడి నవ్వి మళ్లీ బేకనే తెచ్చుకుంది. మన దగ్గర ఒకే దెబ్బకు రెండు పిట్టలు కొట్టేవాళ్లలో వడిసెల పట్టినవాళ్లు ఎందరున్నారు గనక?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ముందు ఇడియమ్స్ పుస్తకం చేతపట్టుకుని నడిచే పిల్లలకు ఒక మాట. ఎదుటివాడు అంటే అర్థం కావడానికి ఇవన్నీ చదవండి, మీ నోటితో వాడటానికి తొందరపడకండి. ముఖ్యంగా ఆ మొదటి పేజీలో ఉండే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' జోలికి పోకండి. జొనాథన్ స్విఫ్ట్ 1738లో అరిగిపోయిన మాటలన్నీ పోగేసి పెద్దమనుషుల కబుర్లను వెక్కిరించిన పుస్తకంలోనే అది ఉంది. ఇంటర్వ్యూలో వాన ప్రస్తావన వస్తే 'హెవీ రెయిన్' అనండి, చాలు.