మేనల్లుడి టీషర్టు మీద సమురాయ్ చివరి పద్యం

ఇంత గొప్ప టీషర్టును నా జన్మలో చూడలేదు! చూసింది కూడా ఎక్కడ? తొర్రూరు నుంచి మరిపెడ పోయే బస్సులు లేపే దుమ్ములో, దంతాలపల్లిలో, చాయ్ దుకాణం ముందు, మా మేనల్లుడి ఒంటి మీద. నల్ల బట్ట. దాని మీద నేలపై కూర్చున్న ఒక జపాన్ యోధుడు, ఆయన ముందు కాగితం. పైన కుడిమూలన నిలువుగా దిగిన అక్షరాలు.

"గా గీతలేందిరా?" అన్నాను.

"డిజైన్ మామా" అన్నాడు వాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

డిజైన్ ఏంది! అదే ఫోన్ గుంజుకొని వెతికిస్తే తేలింది: అది పద్యం. ఆ కూర్చున్నాయన ప్రాణం తీసుకోబోతూ రాసుకున్న పద్యం. ఇన్నాళ్లూ దాన్ని తొడుక్కొని తిరుగుతున్నాడు పిల్లగాడు.

ఆయన పేరు అకాషి గిదయూ. 1582లో అకెచి మిత్సుహిదె అనే సేనాపతి తన ఏలిక ఓదా నోబునాగా మీదనే తిరగబడ్డాడు. రెండు వారాలైనా కాకముందే యమజకి దగ్గర నోబునాగా సేనాపతి హిదెయోషి చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. గిదయూ ఆ మిత్సుహిదె వైపు సేనాని. ఓటమి మిగిలింది, కడుపు చీల్చుకోవడానికి అంతా సిద్ధం చేసుకున్నాడు. అప్పుడు కుంచె అందుకున్నాడు! కత్తికీ ఒంటికీ మధ్య మిగిలిన ఆ కాసింత వేళలో పద్యం కట్టాడు.

బొమ్మ గీసింది మూడొందల ఏళ్ల తరువాత, 1890 ప్రాంతంలో, త్సుకియోకా యోషితోషి. చంద్రుడి పేరుతో నూరు బొమ్మల వరుస మొదలుపెట్టి 1885 నుంచి 1892 దాకా గీస్తూనే ఉన్నాడు, ఆ 1892లోనే కన్ను మూశాడు. అన్నీ చెక్క అచ్చులే. గీసేది ఒకరు, చెక్కేది ఒకరు, రంగు పూసి కాగితం మీద అద్దేది ఇంకొకరు. అన్ని చేతులు దాటి, ఇప్పుడు ఏ మిషన్ మీదనో పడి, మా ఊరికి వచ్చింది. గిదయూ బొమ్మలో ఉత్సాహం లేదు, వీరావేశం లేదు. రాయడం అయిపోయిన మనిషి ముఖం అది. చంద్రుడు మాత్రం పద్యంలో ఉన్నాడు: వేసవి రాత్రి చంద్రుడు, వెలుగు పెరుగుతున్నవాడు.

ఇక ఇలా పోయే ముందు రాసే పద్యాల సంగతి. వాటిని జిసేయి అంటారు. యోధులే కాదు, జెన్ సన్యాసులూ కవులూ రాసేవాళ్లు. చాలావాటికి ఐదు, ఏడు, ఐదు, ఏడు, ఏడు లెక్కన ముప్పై ఒక్క మాత్రలు. ప్రాణం పోయే గడియలో మాత్రలు లెక్కపెట్టుకున్నారంటే ఏమనాలె! పైగా చాలామంది 'చస్తున్నా' అని నేరుగా అనరు. మంచు బిందువనో, రాలే పూలనో, చంద్రుడనో చెప్పి ఊరుకుంటారు. 1180లోనే మినమోతో నో యోరిమస అనే డెబ్బై దాటిన ముసలి యోధుడు ఉజి దగ్గర బ్యోదోయిన్ ఆలయంలో ఇలాగే పద్యం రాసి పోయాడట. మన దగ్గర కాకతీయులు ఏలుతున్న కాలం అది.

మనకూ వీరులకు కొదవ లేదు. పొలిమేరల్లో, పాత గుళ్ల పక్కన వీరగల్లులు చూడండి: కత్తి పట్టిన మనిషి, పైన సూర్యచంద్రులు. శ్రీశైలంలో 1377లో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపంలో భక్తులు తలలే అర్పించుకున్నారు. కానీ ఆ రాళ్లు చెక్కించింది బతికున్నవాళ్లు. పోయేవాడు ఏమనుకున్నాడో వాటి మీద దొరకదు. గిదయూ దగ్గర దొరుకుతుంది. నన్ను పట్టుకున్నది అదే.

ఒక మాట తేల్చి చెప్పాలె. పురుగుమందు డబ్బా ఏం చేస్తుందో తెలిసిన పత్తి, మిర్చి ఊళ్లు మావి. చావును ఎవరైనా అందంగా చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కత్తికి నేను దండం పెట్టను. ఆ కాగితానికి పెడతాను. ఓడినవాడి దగ్గర కూడా చెప్పుకోవడానికి తనదైన మాట ఒకటి మిగిలిందే, దానికి.

ఇలాంటి చివరి పద్యాలు ఎన్ని ఉన్నాయో! యోయెల్ హాఫ్‌మన్ అనే ఆయన 1986లో వీటిని ఇంగ్లీషులో ఒక పుస్తకంగానే తెచ్చాడు. అన్నీ ఏడుపులు కావు. 1838లో పోయిన మోరియా సెన్ఆన్ అనే ఆయన కోరిక వింటారా? తనను కల్లుదుకాణంలాంటి చోట సారా పీపా కింద పూడ్చిపెట్టమన్నాడు, అదృష్టం బాగుంటే పీపా కారుతుందని! ఆ పెద్దమనిషి పద్యంతో టీషర్టు వస్తే నాకు రెండు కావాలె. ఒకటి నాకు, ఇంకొకటి తాటివనంలో మా గౌడన్నకు. సైజు పెద్దదే పంపమనాలె, ఆయన పొట్ట అట్లాంటిది.